ఆర్మెరోకి ఉన్న రెండున్నర గంటలు

1985 నవంబరు 13, బుధవారం. కొలంబియాలో ఆర్మెరో అనే ఊరి మీద సాయంత్రం బూడిద రాలడం మొదలైంది. పత్తికి పేరుమోసిన ఊరు అది. ఆ పత్తి వల్లే దాన్ని ముద్దుగా 'తెల్ల పట్నం' అనేవారు. జనాభా సుమారు 29,000. పడమటి వైపు ఆండీస్ కొండల్లో నెవాడో దెల్ రూయిస్ అనే అగ్నిపర్వతం ఉంది. ఎత్తు 5,300 మీటర్ల పైనే, నెత్తిన ఏడాది పొడవునా మంచు. అక్కడి నుంచి ఏటి వెంబడి వస్తే ఆర్మెరో 74 కిలోమీటర్లు. విజయవాడ నుంచి బందరు ఎంత దూరమో ఇంచుమించు అంత.

కంగారు పడొద్దని, ఇళ్లలోనే ఉండమని రేడియోలో చెప్పారు. చీకటి పడ్డాక బూడిద తగ్గింది. గాలివాన పట్టుకుంది, కరెంటు పోయింది. చాలామంది పడుకున్నారు. రాత్రి 9 దాటాక కొండ అసలు పేలుడు పేలింది. పదకొండున్నర ప్రాంతంలో ఊళ్లోకి బురద వచ్చింది. తెల్లారేసరికి ఆర్మెరో జనాభాలో మూడింట రెండు వంతుల మంది లేరు. ఆ రాత్రి మొత్తం మీద చనిపోయినవాళ్లు దాదాపు 23,000.

ఆర్మెరో దరిదాపులకి ఒక్క చుక్క లావా కూడా రాలేదు.

అగ్నిపర్వతం గురించి మనకున్న ఊహ ఎంత తప్పో ఈ ఒక్క మాటలో ఉంది. ఆ పేరు వినగానే కళ్ల ముందు మెదిలేది ఎర్రగా కాగుతూ కొండవాలున జారే లావా. అది నిజమే, ఇళ్లను తగలబెడుతుంది, చేలను కప్పేస్తుంది. కానీ చాలాచోట్ల దాని వేగం మనిషి నడకని మించదు. 2018లో హవాయి దీవిలోని కిలవేయా అగ్నిపర్వతం జనం ఉండే వీధుల్లోనే నేలని చీల్చుకుని లావా కక్కింది. సుమారు 700 ఇళ్లు పోయాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు. మరి కొన్ని కొండలు లావాని అలా నెమ్మదిగా కారిస్తే, కొన్ని ఒక్కసారిగా ఎందుకు పేలతాయి?

దీనికి కాస్త లోపలికి వెళ్లాలి. మన కాళ్ల కింద, భూమి పెంకు అడుగున కరిగిన రాయి సముద్రంలా నిండి ఉందని చాలామంది అనుకుంటారు. నేనూ చిన్నప్పుడు అలాగే అనుకున్నాను. నిజానికి పెంకు కింద ఉన్న మాంటిల్ దాదాపు అంతా గట్టి రాయే. రాయిని కరిగించేంత వేడి అక్కడ ఉన్నా, పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు కదా, అలాగే. ఆ ఒత్తిడి తగ్గితే, అంటే వేడి రాయి పైపైకి లేచి వస్తే, కొంత కరుగుతుంది. హవాయిలో జరిగేది ఇదే. రెండో దారి నీరు. భూమి పెంకు పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి ఉంటుంది; సముద్రం అడుగు పలక ఒకటి మరో పలక కిందికి దూరుతున్నప్పుడు తనతో పాటు నీటినీ లోపలికి మోసుకుపోతుంది. ఆ నీరు పైనున్న వేడి రాయిలో చేరితే, అది మామూలుగా కరగాల్సిన వేడికన్నా తక్కువ వేడికే కరుగుతుంది. పసిఫిక్ మహాసముద్రం చుట్టూ ఉన్న కొండలు, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, జపాన్, ఆండీస్, అన్నీ ఈ రెండో రకం. మన అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్‌కి ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న బారెన్ దీవి కూడా ఇదే కోవలోది. జనం ఉండని దీవి కాబట్టి అది పొగలు కక్కినా మనకి వార్తల్లో ఒక మూలన కనిపించి పోతుంది.

ఇలా కరిగిన రాయిని మాగ్మా అంటాం, బడి పుస్తకాల్లో శిలాద్రవం అని చదువుకున్నాం. అది ఎలా బయటపడుతుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. అది ఎంత చిక్కగా ఉంది, అందులో ఎంత వాయువు కరిగి ఉంది. అరిసెల కోసం బెల్లం పాకం పట్టడం చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. లేత పాకంలో బుడగలు తేలిగ్గా పైకొచ్చి పగులుతాయి. ముదిరిన పాకంలో బుడగ పైకి రావడానికి దారి దొరకదు. ఉబ్బి, ఉబ్బి, పాకాన్నే చిమ్ముతుంది. మాగ్మాని ముదురు పాకంలా చేసేది సిలికా, అంటే ఇసుకలో ఎక్కువగా ఉండే పదార్థమే. హవాయి మాగ్మాలో సిలికా 50 శాతం దగ్గర ఉంటుంది, వేడి 1,100 డిగ్రీలు దాటుతుంది, అందుకని పల్చగా పారుతుంది. సిలికా 60, 70 శాతానికి చేరితే, వేడి కూడా తక్కువైతే, అది కదలనే కదలదు. లోపల కరిగి ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్ పైకి వచ్చేకొద్దీ బుడగలుగా విడిపోతాయి. చివరికి ఆ మాగ్మా నురగే చిట్లి పొడి పొడిగా ఆకాశంలోకి లేస్తుంది.

ఆ పొడినే మనం బూడిద అంటున్నాం. పొయ్యిలో బూడిదతో దీనికి పోలిక లేదు. ఇది నలిగిన రాయి, పగిలిన గాజు. నీళ్లలో కరగదు. తడిస్తే బరువెక్కి ఇంటి కప్పుల్ని కూల్చేస్తుంది, కరెంటు తీగల మీద పడి షార్ట్ చేస్తుంది. పది సెంటీమీటర్ల మందాన తడి బూడిద ఉంటే చదరపు మీటరుకి వంద కిలోలకు పైగా బరువు పడుతుంది. 1982 జూన్‌లో లండన్ నుంచి బొంబాయి, మద్రాసు, కౌలాలంపూర్ మీదుగా ఆస్ట్రేలియా వెళ్తున్న ఒక జంబో జెట్ రాత్రిపూట జావా దీవి మీద గాలుంగుంగ్ కొండ బూడిద మేఘంలోకి వెళ్లింది. ఇంజన్ల వేడికి ఆ గాజుపొడి కరిగి లోపల అంటుకుపోయింది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కిందికి జారుతూ మేఘం దాటాక మళ్లీ రాజుకోబట్టి అందరూ బతికి జకార్తాలో దిగారు. 2010లో ఐస్‌లాండ్ కొండ ఒకటి పేలితే ఐరోపా ఆకాశాన్ని చాలా వరకు రోజుల తరబడి మూసెయ్యడానికి ఇదే కారణం.

బూడిద పైకి లేచినంతసేపూ ఒక ఎత్తు. ఆ స్తంభం తన బరువు తాను మొయ్యలేక కూలితే ఇంకో ఎత్తు. వందల డిగ్రీల వేడితో బూడిద, రాళ్లు, వాయువు కలిసి గంటకి వంద కిలోమీటర్లకు మించిన వేగంతో నేలబారున దూసుకొస్తాయి. పైరోక్లాస్టిక్ ప్రవాహం అని శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరు. వేడి బూడిద ఉప్పెన అంటే మనకి ఇంకా బాగా తెలుస్తుంది. 1902 మే 8న కరీబియన్‌లోని మార్టినిక్ దీవిలో పెలే కొండ నుంచి వచ్చిన అలాంటి ఉప్పెన సెయింట్ పియెర్ పట్నంలో దాదాపు 28,000 మందిని నిమిషాల్లో చంపింది. దాని ముందు పరిగెత్తి బతకడమన్న మాటే లేదు. ముందే వెళ్లిపోయి ఉండాలి, అంతే.

ఇప్పుడు రూయిస్ దగ్గరికి వస్తాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి పేలుడు చిన్నది. 1980లో అమెరికాలో సెయింట్ హెలెన్స్ కొండ కక్కిన మాగ్మాలో మూడు శాతం దాకా ఉంటుంది, అంతే. కానీ ఆ వేడి బూడిద ఉప్పెన పడింది మంచు మీద. పైనున్న మంచులో సుమారు పదో వంతు కరిగింది. ఆ నీళ్లు కొండ వాగుల్లోకి దిగి, దారిలో ఉన్న మట్టిని, బూడిదని, బండల్ని, చెట్లని కలుపుకుంటూ వచ్చాయి. బయల్దేరినప్పటి పరిమాణం కిందికి వచ్చేసరికి కొన్ని రెట్లయింది. జావా భాషలో దీన్ని లహార్ అంటారు, ప్రపంచమంతా ఆ మాటే తీసుకుంది. ఇది వరద నీరు కాదు, కలిపిన కాంక్రీటు లాంటిది. అందులో ఈత కొట్టలేరు. ఆగాక గట్టిపడుతుంది, చిక్కుకున్నవాళ్లని లాగలేరు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది దీని తర్వాతి సంగతి. ఆర్మెరోకి ఈ ప్రమాదం కొత్త కాదు. 1595లో ఇలాగే బురద వచ్చింది. 1845లో వచ్చినప్పుడు వెయ్యి మంది దాకా పోయారు. ఆ 1845 నాటి బురద ఎండి గట్టిపడ్డ నేల మీదే తర్వాత ఆర్మెరో వెలిసింది. 1984 నవంబరు నుంచి కొండ కింద భూమి అదురుతూనే ఉంది. 1985 సెప్టెంబరు 11న ఆవిరి పేలుడుకి ఒక చిన్న లహార్ 27 కిలోమీటర్లు వచ్చి ఆగింది. అక్టోబరులో శాస్త్రవేత్తలు ఒక ప్రమాద పటం తయారు చేశారు. పేలుడు జరిగితే బురద ఏ లోయల్లో ఎందాకా వస్తుందో అందులో గీశారు. ఆర్మెరో ఆ గీతల లోపలే ఉంది. నవంబరులో జరిగింది దాదాపు ఆ పటంలో ఉన్నట్టే జరిగింది.

అయినా ఊరు ఖాళీ కాలేదు. దీన్ని ఒకరి తప్పుగా చూపించడం తేలిక, కానీ అది పూర్తి నిజం కాదు. ఖాళీ చేయించి ఏమీ జరగకపోతే ఆ ఖర్చు, ఆ తిట్లు ఎవరి మీద పడతాయన్న భయం ఉంది. పటం అతి చేసిందన్నవాళ్లూ ఉన్నారు. వారం ముందే రాజధాని బొగోటాలో న్యాయ భవనాన్ని గెరిల్లాలు పట్టుకుంటే దేశం దృష్టంతా అక్కడే ఉంది. పైగా పేలుడు ఎప్పుడు జరుగుతుందో తేదీ చెప్పమని అడిగారు. తేదీ ఏ శాస్త్రవేత్తా చెప్పలేడు. ఈ దుర్ఘటనని లోతుగా పరిశీలించిన బ్యారీ వాయిట్ అనే భూగర్భ శాస్త్రవేత్త తేల్చింది కూడా ఇదే: పరికరాలు లేకపోవడం వల్లో, పేలుడు మరీ పెద్దది కావడం వల్లో ఆ ఊరు పోలేదు, చిన్న చిన్న మానవ తప్పిదాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని పోయింది. పేలుడుకి, బురద రాకకి మధ్య రెండు గంటలకు పైగా సమయం ఉంది. నడిచి ఎక్కదగ్గ మిట్టలు ఊరి పక్కనే ఉన్నాయి. వాటి మీదికి వెళ్లిన కొద్దిమందీ బతికారు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గురించి ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్న ఎవరికైనా ఇది పరాయి కథలా అనిపించదు. తుపాను వస్తోందని తెలియడం వేరు, 'నీళ్లు ఇంటి కప్పు దాటి వస్తాయి, ఇప్పుడే లే' అని గుడిసెలో ఉన్న మనిషికి నమ్మకంగా చెప్పగలగడం వేరు. ఆ రెంటి మధ్య దూరంలోనే వేల ప్రాణాలు పోయాయి. అగ్నిపర్వతాల విషయంలో ఆ దూరాన్ని తగ్గించాలన్న పట్టుదల ఆర్మెరో తర్వాతే గట్టిపడింది. 1986లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ, పిలిచిన దేశానికి పరికరాలతో సహా వెళ్లి సాయపడే ఒక చిన్న బృందాన్ని ఏర్పాటు చేసింది.

ఐదేళ్లకి ఆ బృందానికి పెద్ద పరీక్ష వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని పినటూబో సుమారు 500 ఏళ్లుగా నిద్రలో ఉన్న కొండ. అడవి కప్పేసిన ఆ కొండ అగ్నిపర్వతమని చుట్టుపక్కల చాలామందికి తెలియనే తెలియదు. వాలుల మీద అయీటా అనే ఆదివాసులు ఉండేవాళ్లు. చుట్టుపక్కల పదిలక్షల మంది దాకా జనం, ఒక పక్క క్లార్క్ అనే పెద్ద అమెరికా వైమానిక స్థావరం. 1991 ఏప్రిల్ 2న ఆవిరి పేలుళ్లు మొదలయ్యాయి. రేమండో పునోంగ్బాయాన్ నడుపుతున్న ఫిలిప్పీన్స్ సంస్థ, ఆ అమెరికా బృందం కలిసి పని చేశాయి. ప్రకంపనల్ని కొలిచారు. కొండ వదిలే సల్ఫర్ డయాక్సైడ్ మే రెండు వారాల్లో రోజుకి 500 టన్నుల నుంచి 5,000 టన్నులకి పెరగడం చూశారు. లోపల మాగ్మా పైకి వస్తోందనడానికి అంతకన్నా మంచి గుర్తు లేదు. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలతో అందరికీ అర్థమయ్యే హెచ్చరిక పద్ధతి పెట్టారు. తేదీ చెప్పమన్న పాత ప్రశ్నకి దొరికిన జవాబు అది: ఫలానా రోజు అనరు, ఫలానా గుర్తులు కనిపిస్తే ఫలానా దూరం వాళ్లు కదలాలి అంటారు.

ఇంకో పని చేశారు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. జనం నమ్మడం లేదని గ్రహించి ఒక వీడియో చూపించారు. మోరిస్ క్రాఫ్ట్ అనే ఫ్రెంచి అగ్నిపర్వత శాస్త్రవేత్త కూర్చిన ఆ వీడియోలో వేడి బూడిద ఉప్పెన ఎలా వస్తుందో, లహార్ ఎలా ముంచుతుందో, ఆర్మెరోలో శవాలు ఎలా తేలాయో కళ్లకి కట్టినట్టు ఉంది. అధికారులు చూశారు, టీచర్లు చూశారు, పల్లెల్లో చూపించారు. చూశాక వాదనలు తగ్గాయి. ఆ వీడియో పినటూబో దగ్గర పని చేస్తున్న రోజుల్లోనే, జూన్ 3న, జపాన్‌లోని ఉన్‌జెన్ కొండ దగ్గర అలాంటి ఉప్పెనలోనే చిక్కుకుని క్రాఫ్ట్, ఆయన భార్య కాట్యా చనిపోయారు. వాళ్లతో కలిపి ఆ రోజు అక్కడ పోయినవాళ్లు 43 మంది.

జూన్ 9న హెచ్చరిక ఐదుకి చేరింది. మర్నాడు క్లార్క్ నుంచి 14,000 మందికి పైగా బండ్లెక్కి వెళ్లిపోయారు. పల్లెలు ఒక్కో వలయంగా ఖాళీ అయ్యాయి. జూన్ 15న పినటూబో పేలింది. బూడిద స్తంభం 35 కిలోమీటర్ల ఎత్తుకి లేచింది. కొండ శిఖరం 250 మీటర్లకు పైగా కుంగింది, ఇప్పుడు అక్కడ చెరువు ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో ఇంతకన్నా పెద్ద పేలుడు అలాస్కాలో 1912లో ఒక్కటే. అలాంటిదాని చుట్టూ ఉన్నవాళ్లలో వేలాది మంది కేవలం ముందే కదలడం వల్ల బతికారు.

అంతా సవ్యంగా జరిగిందని మాత్రం అనలేను. అదే రోజు యున్యా తుపాను సరిగ్గా ఆ కొండ మీదుగా వచ్చింది. వానకి తడిసి బరువెక్కిన బూడిద కింద ఇళ్ల కప్పులు కూలి, సుమారు 300 మంది చనిపోయారు. ఆ తర్వాత శిబిరాల్లో తట్టు, విరేచనాలు వచ్చి ఇంకా వందల మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది అయీటా పిల్లలు. ఖాళీ చేయించడంతో పని అయిపోదు. వాళ్లు తాగే నీళ్లు, పిల్లలకి టీకాలు కూడా ఆ పనిలో భాగమే.

పినటూబో ప్రభావం ఫిలిప్పీన్స్‌తో ఆగలేదు. చాలామంది బూడిద సూర్యుణ్ణి కప్పేసి భూమిని చల్లబరుస్తుందనుకుంటారు. బూడిదలో ఎక్కువ భాగం రోజుల్లో రాలిపోతుంది. పని చేసేది సల్ఫర్ డయాక్సైడ్. దాదాపు కోటిన్నర, రెండు కోట్ల టన్నులు వాన మబ్బులకి పైనుండే స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొరకి చేరి, అక్కడ సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నని తుంపరగా మారి, ఎండని కొంత వెనక్కి తిప్పింది. అంత ఎత్తున వాన పడదు కాబట్టి అది ఏడాది, రెండేళ్లు ఉండిపోయింది. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ దాకా తగ్గింది. ఇండోనేషియాలో తంబోరా 1815లో పేలినప్పుడు ఇంకా ఘోరం జరిగింది. మరుసటి ఏడు ఐరోపాలో, అమెరికా ఈశాన్యంలో వేసవి రాలేదు, పంటలు పోయాయి. తంబోరా చుట్టుపక్కల కూడా పేలుడుకి పోయినవాళ్లకన్నా తర్వాత ఆకలికీ జబ్బులకీ పోయినవాళ్లే ఎక్కువ.

ఇంత తెలిసీ జనం ఆ కొండల కిందే ఎందుకు ఉంటారని అడిగేవాళ్లకి ఆర్మెరో పత్తి చేలే జవాబు. పాతబడ్డ బూడిద, లావా శిథిలమైతే మంచి పంట నేల అవుతుంది. మనకీ అది తెలుసు, తెలిసినట్టు తెలియదు, అంతే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పొరలు పొరలుగా పారిన లావా రాయి చివికి చివికి నల్లరేగడి అయింది. ఆదిలాబాద్ పత్తి దాని మీదే పండుతోంది. రాజమండ్రి దగ్గర కాతేరులో, గోదావరి అవతల పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో కొట్టే నల్లరాయి కూడా ఆ కాలపు లావానే. పశ్చిమం నుంచి పాత నదీ లోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి వచ్చి అక్కడ ఆగిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో ఇంకో రకం సాక్ష్యం ఉంది. అక్కడి నేలలో తెల్లని బూడిద పొర కనిపిస్తుంది. అది సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రాలో తోబా పేలినప్పటి బూడిద. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా సముద్రం మీదుగా ఎగిరి వచ్చి పడింది. తోబా కొండ ఉన్నచోట ఇప్పుడు వంద కిలోమీటర్ల పొడవైన సరస్సు ఉంది. జ్వాలాపురంలో ఆ బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. రెండూ దాదాపు ఒకే తీరులో ఉన్నాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంటే ఆ బూడిద వాన తర్వాత కూడా ఆ లోయలో అదే పనితనం ఉన్న మనుషులు బతికే ఉన్నారని వాళ్ల వాదన. దీని మీద ఇంకా చర్చ నడుస్తోంది. ఆ పొర ముందు నిలబడి రాళ్లు చెక్కిన ఆ చేతుల గురించి ఆలోచించకుండా ఉండటం మాత్రం కష్టం.

పినటూబో కథ కూడా 1991లో ముగియలేదు. వాలుల మీద పేరుకున్న బూడిద ప్రతి వానాకాలం లహార్‌గా దిగుతూనే వచ్చింది. 1995 అక్టోబరులో బకొలోర్ అనే ఊరు అలా పూడిపోయింది. పదహారో శతాబ్దంలో మొదలైన శాన్ గిలేర్మో చర్చి సగం ఎత్తు దాకా, సుమారు ఆరు మీటర్లు, బురదలో కూరుకుపోయింది. ఊరివాళ్లు దాన్ని వదల్లేదు. చెక్కిన చెక్క పీఠాన్ని బురదలోంచి తవ్వి తీసి, తగ్గిపోయిన ఎత్తుకి సరిపడేలా పైన అమర్చుకున్నారు. నేల కొత్త మట్టానికి వచ్చింది. ఒకప్పటి కిటికీలు ఇప్పుడు తలుపులు, ఆదివారం పూట జనం వాటిలోంచే లోపలికి వెళ్తారు.